నది ఎంత పెరిగిందో చెప్పే ఓదీల్

మా ఊళ్ళో రెడ్ నది నీటిమట్టాన్ని రేడియోలో చెప్పే పని ఓదీల్ తన ఇరవై ఆరో ఏట చేపట్టింది. పొద్దున్నే వంతెన దగ్గరి కొలబద్ద చూసుకుని, రబ్బరు బూట్లతోనే స్టూడియోలోకి వచ్చేసేది. మైకులు చూసుకోవడం నా పని. ఆమె వెళ్ళాక నేల తుడుచుకోవడమూ నా పనే.

మొదటి ఏప్రిల్‌లోనే పొరపాటు చేసింది. నీళ్ళు నాలుగంగుళాలు హెచ్చితే, "నది అమాంతం పెరిగింది" అనేసింది. వార్తకు కాస్త ఊపు ఉండాలనుకుంది, అంతే. ఆ మాట విని, ఒడ్డున ఉండే ఆర్మాన్ మంచం పట్టిన భార్య బ్లాన్ష్‌ను దుప్పట్లలో చుట్టి, మంచువానలో ట్రక్కెక్కించి, ముప్పై మైళ్ళ అవతల ఉన్న చెల్లెలింటికి తీసుకుపోయాడు. దారిలోనే ఆమెకు జ్వరం తగిలింది. కోలుకోవడానికి నెల పట్టింది. నది మాత్రం గట్టు దాటలేదు.

సంగతి తెలిసి, వాళ్ళు తిరిగొచ్చాక ఓదీల్ క్షమాపణ చెప్పడానికి బయలుదేరింది. ఒంటరిగా వెళ్ళే ధైర్యం లేక నన్నూ లాక్కెళ్ళింది.

ఆర్మాన్ ఒకప్పుడు రేవులో బల్లకట్టు నడిపినవాడు. తలుపు తీస్తూనే అందుకున్నాడు: "నాలుగంగుళాలకే అమాంతమా? నాలుగడుగులొస్తే ఏమంటావే పిల్లా? పెద్ద మాటలన్నీ ఇప్పుడే వాడేస్తే, అసలు రోజున నీ దగ్గరేం మిగుల్తుంది?"

ఓదీల్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. లోపల్నుంచి బ్లాన్ష్ కేకేసింది: "దాన్ని గుమ్మంలో నిలబెట్టి ఏడిపిస్తావేంటయ్యా! బఠాణీ సూపు చల్లారిపోతోంది, లోపలికి రానీ."

ఆ భోజనాల బల్ల దగ్గరే వాళ్ళు మాటలకు కొలతలు కట్టారు. రోజుకు రెండంగుళాల లోపైతే 'కాస్త'. ఆరు దాకా 'నిదానంగా'. అడుగు దాకా 'బాగా'. తగ్గినా అవే మాటలు. 'అమాంతం' దగ్గరికి వచ్చేసరికి బ్లాన్ష్ మంచం మీంచే అడ్డుపడింది. "అది నాకోసం దాచు. నేను ఇల్లు వదలాల్సిన రోజునే ఆ మాట అను."

ఇరవై రెండేళ్ళు ఓదీల్ ఆ మాట అనలేదు. "దీని ఇల్లు తగలబడినా 'కాస్త వెచ్చగా ఉంది' అంటుంది" అని కాఫీకొట్టు దగ్గర ఏడిపించేవాళ్ళు. తనూ నవ్వేది. అత్తా, మామా అని పిలుస్తూ ఆదివారాలు ఆర్మాన్ ఇంట్లోనే భోజనం. బ్లాన్ష్ పోయాక కూడా ఆ అలవాటు మానలేదు.

ఒక ఏప్రిల్ ఉదయం వంతెన దిగువన మంచుగడ్డలు అడ్డుపడి నీళ్ళు ఎగదన్నాయి. ఓదీల్ కొలత రాసుకున్న కాగితంతో స్టూడియోలోకి వచ్చింది.

"అనెయ్యనా?" అంది.

"కొలబద్ద ఏమంటోంది?" అన్నాను.

మైకు ముందు కూర్చుంది. గొంతు పెంచలేదు. "నది నిన్నటికంటే మూడడుగులు పెరిగింది. అమాంతం పెరిగింది."

నిజమేనా అని ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. మధ్యాహ్నానికల్లా ఒడ్డునున్న ఇళ్ళన్నీ ఖాళీ. ఆర్మాన్ ఒక్కడే కదల్లేదు. ఓదీల్ వెళ్ళేసరికి వంటగదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మీ అత్త తిరిగిన ఇల్లే ఇది. నేనెక్కడికీ రాను."

"అత్త కోసం దాచిన మాట మామా అది. ఇవాళ మీకోసం అన్నాను. లేవండి."

ఆయన లేచి టోపీ తీసుకున్నాడు.

పద్దెనిమిది రోజులు ఒడ్డువాళ్ళంతా పొరుగూరి బడి హాల్లోనే ఉన్నారు. "తగ్గిందని ఒక్క మాటనరాదూ, మా అమ్మకు నిద్ర పట్టట్లేదు" అని ఒకామె బతిమాలింది. ఓదీల్ ఆమె చెయ్యి పట్టుకుంది గాని ఆ మాట అనలేదు. పంతొమ్మిదో ఉదయం రేడియోలో "కాస్త తగ్గింది" అంది. ఒకటిన్నర అంగుళం! హాలంతా లేచి ఒకర్నొకరు కావలించుకున్నారు.

ఆర్మాన్ ఇల్లు నిలబడలేదు. ఓదీల్ ఆయన్ను మిట్ట మీదున్న తనింటికి తెచ్చి వెనక గది ఇచ్చింది. రెండు రోజులకే సణుగుడు మొదలైంది: "ఈ కిటికీలోంచి పక్కింటోళ్ళ గ్యారేజీ తప్ప ఏమీ కనబడదేంటే?" మర్నాడు ఓదీల్ నన్ను పిలిచింది. ఇద్దరం కలిసి ఆమె మంచం వెనక గదిలోకి, ఆయన మంచం నది కనబడే ఆమె గదిలోకి మోశాం. ఆ గదిలో ఆయన ఇంకో ఐదేళ్ళు బతికాడు.