రెండోసారి వజూ

మా మసీదు మౌల్సాబ్ మొన్న బుధవారం పొద్దుగాల పోయిండు. ఫజర్ నమాజ్ చదివించి గోడకు ఆనుకొని కూసున్నోడు మల్ల లేవలె. ఆయన మీద నాకు తొమ్మిదేండ్ల కోపం ఉంది. మనిషి పోయినంక కోపం మాట ఎత్తొద్దంటరు. నేను ఎత్తుత. లేనిపోని పొగడ్తలు రాసుడు నాకు రాదు, ఆయనకూ నచ్చకుండె.

నేను నాగర్‌కర్నూల్‌ల పరుపులు, బొంతలు కుట్టేటోణ్ణి. దూది ఏకి ఏకి ఊపిరి చెడింది. చదువు మూడో తరగతి దాకనే. ఉర్దూ చదువరాదు. తప్పులుంటె మీరే దిద్దుకొని చదువుకోండ్రి.

ఆ కోపం సంగతి ముందుగాల చెప్త. ఎండకాలం. పెద్దమందడిల ఒక పెండ్లి ఇంటికి పరుపులు కుట్టనీకె పోయి ఉన్న. నా ఫోన్ల చార్జింగ్ లేకుండె. తమ్ముని ఇంట్ల అమ్మ పానం ఇడిసిందని మనిషి వచ్చి చెప్పెటాలకు దినం మళ్లింది. బస్సు పట్టుకొని నేను ఊర్ల దిగెటాలకు అమ్మను మట్టి చేసి వచ్చిండ్రు. మొఖం చూడలె. పిడికెడు మట్టి వెయ్యలె. ఇంటికి పెద్ద కొడుకును నేను.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయితుండె. తమ్ముడు మసీదుల ఉన్నడన్నరు. సీదా ఆడికే పోయిన. నల్ల కాడ మొఖం, చేతులు, కాళ్లు కడుక్కొని వజూ చేసుకున్న. లోపటికి పోయి వెనుక వరుసల నిలవడ్డ. మొదటి వరుసల ఉన్న తమ్ముడు నన్ను చూసిండు. చూసి, మౌల్సాబ్ చెవుల ఏందో చెప్పిండు. మౌల్సాబ్ నన్ను కిందికెల్లి మీదికి ఒక్కసారి చూసిండు.

"పరుపుల భాయ్, పోయి మల్లొకసారి వజూ చేసి రా."

"ఇప్పుడే చేసిన."

"తెలుసు. మల్ల చెయ్."

"ఏడ తక్కువయ్యింది?"

"పో భాయ్. నువ్వొచ్చేదాక మేము ఆగుతం."

మసీదు మసీదంత మర్లి చూసింది. పోయిన, కడుక్కొని వచ్చిన, చదివిన, ఇంటికి పోయిన. ఆనాటి నుంచి తమ్మునితోని మాట లేదు. అన్న దుమ్ముల, దూదిల వచ్చిండు, వాని వజూ సరిగ లేదు అని వాడే చాడీ చెప్పిండనుకున్న. అమ్మను చూడనియ్యలె, ఆఖరికి నమాజ్‌ల కూడ నిలవడనియ్యడా అనుకున్న. అప్పటి నుంచి వెనుక వరుసనే నా జాగ. మోచేతులు ఎక్కడ ఎండిపోయి ఉన్నయో అని రెండు రెండుసార్లు రుద్దుతున్న. తోలు నల్లగయ్యింది.

గట్లని ఆయన చెడ్డోడని రాయను. అమ్మ పోయిన తెల్లారి మౌల్సాబ్ నా దుకాణానికి వచ్చిండు. సలాం చెప్పి కూసున్నడు. నేను సగం కుట్టిన పరుపు ముందల వేసుకొని ఉన్న. ఆయన దారం కొస పట్టుకొని నేను సూది గుచ్చినప్పుడల్ల గట్టిగ లాగి పట్టిండు. పరుపు అయ్యేదాక గట్లనే. పక్క దుకాణపాయన వచ్చి నా కండ్లల్ల నీళ్లు చూసి "సబర్ చెయ్యాలె, ఓర్చుకోవాలె భాయ్, ఏడ్వొద్దు" అన్నడు. మౌల్సాబ్ అప్పుడు నోరు తెరిచిండు. "ఏడ్వనియ్. కండ్లల్ల నీళ్లు పెట్టినాయన కంటె నీకు ఎక్కువ తెలుసునా?" అన్నడు.

ఆయన నమాజ్ చదివించే తీరు కూడ వేరే. మసీదు పక్కింట్ల పసిబిడ్డ ఉండె. దాని అయ్య మా వరుసల నిలవడేటోడు. నమాజ్ నడుమ బిడ్డ ఏడుపు వినవడ్డదంటె మౌల్సాబ్ ఖురాన్‌ల చిన్న సూరా అందుకొని జల్ది ముగించేటోడు. నాకు నచ్చకపోతుండె. ఒకనాడు అడిగేసిన.

"ఖుదా ముందల నిలవడి గంత తొందర ఏంది మౌల్సాబ్?"

"ఆడ తల్లి ఒక్కతే ఉన్నది భాయ్. దాని మొగణ్ణి ఈడ పట్టుకొని నేను పెద్ద సూరా చదివితె ఆ పుణ్యం, ఆ సవాబ్ ఎవనికి? నీకా, నాకా?"

"మీ మోకాళ్లు నొస్తున్నయని చెప్పుండ్రి" అన్న. నవ్విండు. "అది కూడ ఉంది" అన్నడు.

లింగాల దిక్కు నుంచి వచ్చిన ఒక కూలీ ఆయన మసీదు ఎనుక గుడిసెల ఉండె. మన మతపోడు కాదు. వాని కొడుకు పనికి పోయిన ఊర్ల గోడ కూలి సచ్చిండు. మౌల్సాబ్ మూడు దినాలు పోయి వాని గడపల కూసున్నడు. ఏం చెప్పిండ్రని అడిగితె, "ఏం చెప్పలె. వాడు చెప్పిండు, నేను విన్న" అన్నడు.

ఇంకొక అలవాటు ఉండె. కమిటీ వాళ్లు గొడవ పెట్టుకున్నా, ఎవడన్న నోరు పారేసుకున్నా, మాట నడుమనే లేచి నల్ల కాడికి పోయేటోడు. వజూ చేసుకొని, గడ్డం తడితోని వచ్చి మల్ల కూసునేటోడు. దినానికి ఎన్నిసార్లో లెక్క లేదు. ఆయనకు షుగర్ ఉంది, మాటిమాటికి ఒంటికి పోతడు, పోయినప్పుడల్ల వజూ మల్ల చెయ్యాలె అని మేము వెనుక నవ్వుకునేటోళ్లం. నేను కూడ నవ్విన.

బుధవారం మౌల్సాబ్ మయ్యత్‌కు ఆఖరి స్నానం పొయ్యనీకె నన్ను పిలిచిండ్రు. దూది నా దుకాణం నుంచే తెచ్చిన. ముందుగాల వజూ చేపియ్యాలె. ఆయన కుడి చెయ్యి నా చేతుల పెట్టిండ్రు. బరువుగ ఉండె. మోచెయ్యి దాక నీళ్లు పోసి, అలవాటు కొద్ది రెండోసారి రుద్దుతున్న. పక్కన చెంబు పట్టుకున్న అజాన్ ఇచ్చే ముసలాయన, ముప్పయేండ్లు మౌల్సాబ్‌తోని ఉన్నోడు, నన్ను చూసి అన్నడు.

"ఏందిరా, మోచెయ్యిని గట్ల తోముతున్నవు?"

"ఈయన నాకు నేర్పిందే. నా మోచెయ్యి తడవలేదని అందరి ముందల బయటికి పంపలేదా?"

ముసలాయన చెంబు కింద పెట్టిండు. "మోచెయ్యి కాదు. నీ పిడికిళ్లు చూసిండు. రెండు చేతులు గట్టిగ బిగవట్టుకొని నిలవడ్డవు. కోపం అగ్గి, దానితోని మాట్లాడొద్దు, నీళ్లు పొయ్యాలె అంటుండె. తనకు కోపమొచ్చినా అదే చేస్తుండె."

"మరి నా తమ్ముడు చెవుల చెప్పింది?"

"నేను పక్కనే ఉన్న. 'మా అన్న వెనుక ఒక్కడే నిలవడ్డడు, నా పక్కన నిలవెట్టుండ్రి' అన్నడు. గంతే."

"ఇన్నేండ్లు ఆయన నాకెందుకు చెప్పలె?"

"నేను అడిగిన. 'అడగని మనిషికి చెప్తె దెబ్బ లెక్క తగుల్తది, అడగనీ' అన్నడు. నువ్వు అడిగినవా?"

అడగలె. ఆనాడు 'ఏడ తక్కువయ్యింది' అన్నది కొట్లాట, అడుగుడు కాదు. పసిబిడ్డ సంగతి అడిగినోణ్ణి, నా సంగతి అడగలె. చెయ్యి కింద పెట్టి ఎడమ చెయ్యి పట్టుకున్న. దాన్ని ఒక్కసారే కడిగిన.

మట్టికి ముందు జనాజా నమాజ్‌ల తమ్ముడు నాకు ముగ్గురి అవతల నిలవడ్డడు. గడ్డం తెల్లగయ్యింది. ఆఖరుకు అందరు మెడ తిప్పి సలాం చెప్పేటప్పుడు వాని మొఖం నా దిక్కు మళ్లింది. నేను నేల చూసిన.

అందుకే ఇది రాసిన. మౌల్సాబ్‌ను అడగక పోగొట్టుకున్న, తమ్మున్ని అడుగుత. ఒరే తమ్ముడా, చాడీ సంగతి నా తప్పు, ఒప్పుకుంటున్న. కాని అమ్మ మట్టికి నా కోసం ఎందుకు ఆగలె? ఎండ అంటవో, ఎవరన్న ఆగొద్దన్నరంటవో, నువ్వే చెప్పు. ఈ శుక్రారం జుమ్మా లోపల చెప్పు.

జుమ్మా నాడు నేను రెండుసార్లు వజూ చేసుకొని వస్త. మొదటి వరుసల నిలవడ్త. వరుసల సందు ఇడవొద్దని మౌల్సాబ్ ఎప్పుడూ చెప్తుండె. కాబట్టి ఖుత్బా ఉపన్యాసం అయ్యి, లేచి నిలవడుండ్రని ఇఖామత్ మొదలయ్యేదాక నా ఎడమ పక్క చాప మీద చెయ్యి పెట్టి నీ కోసం ఆపుత. ఆ తర్వాత చెయ్యి తీస్త. ఎవడో ఒకడు జరిగి నిలవడ్తడు.