నాంచారమ్మ గారి చుక్కలు

తెనాలి స్టేషన్లో రేపల్లె రైలు కోసం కూర్చుని ఉండగా ఫోను మోగింది. నా గురువు, శాస్త్రవేత్త డాక్టర్ నాంచారమ్మ గారు బాపట్లలో తమ్ముడి ఇంట పరమపదించారన్న దుర్వార్త. ముందురోజు సాయంత్రమే ఆమె పక్కన కూర్చుని మాట్లాడి వచ్చాను. రేపల్లె రైలు వచ్చి వెళ్లిపోయింది. రేపల్లెలో ఉన్న అత్తగారికి రాలేనని చెప్పి, మళ్లీ బాపట్ల వైపు రైలెక్కాను.

డాక్టరేటు అయ్యాక పోస్ట్‌డాక్ పరిశోధకురాలిగా హైదరాబాదులో ఆమె ప్రయోగశాలలో చేరాను. క్షయ క్రిమిలోని ఒక ప్రొటీన్‌కు అతుక్కుని, దాన్ని పని చేయనివ్వని మందు కోసం మా అన్వేషణ. ప్రొటీన్‌ను పెద్ద అయస్కాంతంలో ఉంచి పరీక్షిస్తే, దాని జాడ కంప్యూటరు తెర మీద చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. మందు కలిపాక ఏ చుక్కయినా పక్కకు జరిగితే, మందు పట్టుకుందన్నమాట. ఆ ఒక్క కదలిక కళ్లారా చూడాలన్నదే ఆమె చివరి కోరిక.

ఆమె పుట్టింది సూర్యలంక దగ్గర, చేపలవేట మీద బతికే ఇంట్లో. మునిమాపు వేళ ఒడ్డున నిలబడి, ఏ పడవ దీపం ఇటు కదిలితే అది నాన్నదేనేమోనని చూస్తూ పెరిగారు. తెర ముందూ అదే చూపు. టీ చల్లారిపోయేది, పిలిస్తే పలికేవారు కాదు. ప్రొటీన్ రాయి కాదనీ, ఉయ్యాల్లో సగం నిద్రలో ఉన్న పసిబిడ్డ లాంటిదనీ, దాన్ని తొందరపెట్టకూడదనీ చెప్పేవారు. ఆ గొంతు వింటుంటే నేనూ ఏదో కలలోకి జారిపోయేదాన్ని.

నాకు కొత్తగా పెళ్లయిన రోజుల్లో ప్రొటీన్ గొట్టాన్ని అయస్కాంతంలోకి దించడానికి మెట్లెక్కి వంగాను. మెడలో మంగళసూత్రం దానంతటదే ముందుకు లేచి నిలబడింది. ఆమె భుజం పట్టి వెనక్కి లాగారు. "సూత్రానికి పిన్నీసులు తగిలించుకొచ్చావా తల్లీ? ఈ అయస్కాంతమ్మకి బంగారం అక్కర్లేదు, ఇనుమే కావాలి," అని నవ్వారు. పరాయి దేశంలో తనకూ ఇలాగే జరిగిందట. పిన్నీసులు మెడలో ఎందుకుంటాయో అక్కడివాళ్లకు చెప్పలేక నానా తంటాలు పడ్డారట. మర్నాడు గది గుమ్మం దగ్గర ఇత్తడి పళ్లెం వెలిసింది. పిన్నీసులు అందులో వేసి లోపలికి వెళ్లడం మా ఆచారమైంది.

జబ్బు ముదిరి బాపట్ల చేరాక కూడా ఆ చుక్కల ధ్యాసే. చివరి సాయంత్రం నేను లాప్‌టాప్ పట్టుకుని వెళ్లేసరికి, ఆవిడ మరదలు నన్ను వంటింట్లోకి పిలిచి, కదిలిందని ఒక్క మాట చెప్పమని, ఆ ప్రాణం హాయిగా పోతుందని బతిమాలింది. నాకూ చెప్పేయాలనే ఉంది. మంచం పక్కన కూర్చున్నాను.

"కదిలిందా అమ్మాయ్?"

"లేదండి మేడం."

ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. "నా మీద జాలిపడి కదిలిందంటావేమోనని భయపడ్డాను. ఇంక బెంగ లేదు. ఇంకో మందు చూడు."

ఆమెను సూర్యలంక ఒడ్డునే సాగనంపారు. ఆరోజు పడవలేవీ వేటకు వెళ్లలేదు.

ఈ నాలుగు మాటలూ ప్రయోగశాలలో కూర్చుని రాస్తున్నాను. లోపల అయస్కాంతంలో కొత్త మందు కలిపిన ప్రొటీన్ ఉయ్యాల్లో బిడ్డలా ఊగుతూ ఉంది. చివరిసారి వచ్చినప్పుడు ఆమె తీసి పెట్టి, తిరిగి తీసుకోవడం మరిచిన పిన్నీసు పళ్లెంలో అలాగే ఉంది. నావి దాని పక్కన వేశాను. అంతటి విదుషీమణి స్థానం మరొకరితో నిండేది కాదు. కదిలినా, కదలకపోయినా ఉన్నదే చెబుతాను మేడం. కదిలిందా అని అడగడానికి మీరు లేరు.