ఒండ్రు బాబాయి లెక్క

ఇంట్లో అందరికీ ఆయన ఒండ్రు బాబాయి. నది ఏ ఒడ్డుని కోస్తుందో, ఇసుకా ఒండ్రూ ఎక్కడ మేట వేస్తాయో కంప్యూటర్లో లెక్కగట్టి ముందే చెప్పడం ఆయన ఉద్యోగం. స్నానాల గదిలో నీళ్లు నిలిచిపోతే మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని చూసి చూసి, "వాలు చాలదు" అని తేల్చేవాడు. పిన్ని వచ్చి పుల్లతో పొడిస్తే పోయేవి.

ఆ ఏడు నదిలోంచి ఊరికి మంచినీళ్లు తోడే పంపుబావి ఎక్కడ కట్టాలో చెప్పమన్నారు. ఆయన లెక్కకీ నదికీ ఏనాడూ పడేది కాదు. ఆయన లోతన్నచోట అది మేట వేసేది. ఈసారి సర్వే వాళ్లిచ్చిన కొలతలతో పోలిస్తే గీత మీద గీత కూర్చుంది. వంతెన దిగువన, ఎడమ ఒడ్డున, నిండు లోతు. పెద్దసారు భుజం తట్టాడు. ప్రమోషన్ మాట కూడా ఆఫీసులో గుప్పుమంది.

"నీ మాటకి నేనే ఎప్పుడూ ఇంతలా ఒప్పుకోలేదు," అంది పిన్ని బట్టలు మడతపెడుతూ. "నదికేం పోయేకాలం?"

నవ్వబోయాడు గానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు సర్వేయరు గదికెళ్లాడు.

"నది అడుగు నువ్వే కొలిచావా?"

"కొలవడానికి పడవేది గురూ? ఇంజను పాడై షెడ్డులో పడుంది. నువ్వు పోయినేడు వేసిన లెక్కలో లోతులున్నాయిగా, అవే దించేశా."

"అంటే నా లెక్కని నా లెక్కతోనే సరిచూసుకున్నానా?"

"సరిపోయిందా, లేదా?"

"సరిపోక చస్తుందా!"

సంగతి చెప్పగానే పెద్దసారు తలుపు మూయించాడు. "ఇప్పుడు చెబితే మనిద్దరి పరువూ గంగలో కలుస్తుంది. ప్రమోషన్ సంగతి సరేసరి. రిపోర్టు మీద సంతకం పెట్టెయ్."

"కుళాయిల్లో ఇసుకొస్తుంది సార్."

"వడగట్టుకుంటారు."

బాబాయి కలం మూశాడు. "ఒక్కసారి చోటు చూసొద్దాం సార్. అక్కడ లోతుంటే ఒడ్డుకి రాగానే పెడతాను."

పడవలో నిలబడి ఫోటో దిగితే పేపర్లో బాగుంటుందని పెద్దసారు ఒప్పుకున్నాడు. బాబాయి తన డబ్బుతోనే ఒక పడవ మాట్లాడాడు. సరిగ్గా నిండు లోతున్నచోటికి వచ్చేసరికి పడవ బరబరమని ఇసుకలో దిగబడి ఆగిపోయింది. పడవవాడు గడ వేసి ఎంత తోసినా కదల్లేదు.

"ఇప్పుడెలాగయ్యా?" అన్నాడు పెద్దసారు, మెరిసే బూట్ల వంక చూసుకుంటూ.

"దిగండి సార్. మోకాలి లోతే."

పంపుబావి ఎగువకి మారింది. ప్రమోషన్ సర్వేయరుకొచ్చింది. బాబాయి అదే కుర్చీలో, అదే కిటికీ పక్కన రిటైరయ్యాడు.

ఆయన పోయాక ఆఫీసువాళ్లు సంతాపసభ పెట్టారు. అప్పటి సర్వేయరు, ఇప్పటి పెద్దసారు, మైకు అందుకుని, ఆయన లెక్క జీవితంలో ఒక్కసారి కూడా తప్పలేదన్నాడు.

పిన్ని కొంగుతో కళ్లొత్తుకుంది.

"తప్పింది," అంది పక్కావిడతో. "ఆయనే చెప్పాడు."