డీజిల్ ఇంజన్ కారులో పుట్టింటికి

తొంభైల మొదట్లో మేం మహబూబ్‌నగర్‌లో ఉండగా మావారు పాత అంబాసిడర్ కారు కొన్నారు. అమ్మినాయన దాని పెట్రోల్ ఇంజన్ తీసేయించి డీజిల్ ఇంజన్ పెట్టించాడు. ఖర్చు తక్కువని మావారికి మురిపెం. చప్పుడుకి మాత్రం చెవులు గింగురుమనేవి.

కట్టంగూర్ దగ్గరున్న మా పుట్టింటికి మొదటిసారి అందులో వెళ్లాం. ఊరంతా చూస్తారని నేను పట్టుచీర కట్టుకున్నాను. ఆపితే మళ్లీ స్టార్టవదేమోనని మావారు ఇంజన్ ఆపకుండానే కారును వాకిట్లో నిలబెట్టారు.

కాసేపటికి ముగ్గురు ఆడవాళ్లు నెత్తిన జొన్నల గంపలతో వచ్చారు. ఊళ్లో పిండి గిర్ని చెడిపోయి చాలా రోజులైందట.

"గిర్ని సురువైందనుకొని ఉర్కొచ్చిన బిడ్డా. గదే చప్పుడు గద" అంది పక్కింటి ఎల్లమ్మవ్వ, కారు చుట్టూ తిరిగి చూస్తూ. నాకు తల కొట్టేసినట్టయింది.

మావారు మాత్రం నవ్వేసి, "ఎక్కుండ్రి అవ్వా, నకిరేకల్ల పట్టిచ్చుకొద్దాం" అన్నారు.

నేనూ వెంట వెళ్లాను. నకిరేకల్ నుంచి తిరిగొచ్చేటప్పుడు వెనక జాగా లేక ఒక పిండి గంప నా పట్టుచీర మీదికే చేరింది.

ఆ కారు అమ్మేసి ఏళ్లయింది. పుట్టింటికి ఒక్కదాన్నే వెళ్తే ఇప్పటికీ, "గిర్ని అల్లుడు రాలేదా?" అని అడుగుతారు. ఆ మాట వింటే చాలు, ఒళ్లో వేడి పిండి గంప ఉన్నట్టే ఉంటుంది.