అత్త కట్టిన పూల పొట్లం

మా అత్త పోయిందన్న కబురు తోళ్ళ బండి తోలే మనిషి నోట విన్నాను. దిండిగల్‌లో మా మిషను బడి ముందు నుంచే ఆ బండ్లు తోళ్ళు పదును చేసే చోటికి పోతుంటాయి. అతను మా ఊరివాడే. బండి ఆపలేదు, ఎద్దుల మీది నుంచి చూపు తిప్పలేదు. "ఉపదేశియారే, మీ అత్త పోయిపాయె. వాంతిభేది. పూడ్చేసినాము. మీ నాయన పిళైచ్చి బతికి ఉండాడు, పావం, ఒంటిగా ఉండాడు" అని చెప్పి సాగిపోయాడు. నేను పిల్లల చేత ఇసుకలో అక్షరాలు దిద్దిస్తున్నాను. చేతికి ఇసుక అలాగే అంటుకుని ఉండగా గుమ్మం దాకా వెళ్ళాను, వెనక్కి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను.

ఆ పూట నుంచి నాకు కుదురు లేదు. ఈ నాలుగు మాటలూ కూర్చుని రాసినవి కావు. కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడి రాస్తున్నాను. రానున్న ఆదివారం సంఘం ముందు ఆమె గురించి మాట్లాడమని మిషను దొరగారు చెప్పారు. దేవుని నడిపింపుకు లోబడిన స్త్రీ అని చెప్పాలట. ఆ మాట నిజమే. అయితే ఆమె లోబడిన తీరు ఎలాంటిదో దొరగారికి తెలియదు. తెలిసిన నాకేమో నోరు పెగలడం లేదు.

ఆమె మా నాన్నకు అక్క. నా చిన్నతనంలోనే అమ్మ పోతే నన్ను పెంచింది. పెళ్ళయిన కొద్ది కాలానికే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి తిరిగి వచ్చిన మనిషి. ఆమె నేల మీద పూర్తిగా చతికిలబడడం నేను చూడలేదు. గొంతుక్కూర్చునే తినేది, తింటూ తింటూ ఏదో గుర్తొచ్చి లేచిపోయేది. తరవాతి కాలంలో ప్రార్థన కూడా నడుస్తూనే చేసేది. బావి దగ్గర నీళ్ళు తోడే కపిల ఎద్దులు ముందుకీ వెనక్కీ నడిచినట్టు పెరట్లో ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూ దేవుడితో మాట్లాడేది. మోకరించమని దొరసాని చెబితే, "కూర్చుంటే నాకు నిద్ర వస్తుందమ్మా, నిద్రలో సరి సరి అనేస్తాను, అప్పురం లేచి చెయ్యను" అంది.

మచిలీపట్నం వైపు చదివే మీకు మా సంగతి కొంచెం చెప్పాలి. మా పూర్వులు ఎప్పుడో ఈ అరవసీమకు వచ్చి, పళని దారిలో నల్లరేగడి మీద పత్తి వేసుకుని స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం. అందుకే మా నోట తరవాత అనేది అప్పురం, వద్దు అనేది వేండాం అవుతుంది. మాలో ఏ పని తలపెట్టినా ముందు మా ఇలవేలుపు జక్కమ్మను పూవు అడుగుతారు. ఒక తెల్ల గన్నేరు పూవు, ఒక ఎర్ర గన్నేరు పూవు వేరువేరుగా ఆముదపు ఆకుల్లో చుట్టి, నూలు దారం కట్టి, అమ్మవారి ముందు పడేస్తారు. చూడకుండా ఒకటి తీయాలి. తెల్లది వస్తే సరి, ఎర్రది వస్తే వద్దు. ఆ మాటకు తిరుగు లేదు. కులపెద్దలు కంబళి పరిచి కూర్చుని చెప్పిన తీర్పును కూడా పూవు ఒక్కటే తిప్పగలదు.

తన చిన్నప్పుడు ఊరందరి తరఫునా ఆ పొట్లం తీసే చెయ్యి మా అత్తది. చెయ్యి మంచిదని విత్తనాలకూ పెళ్ళిళ్ళకూ ఆమెనే పిలిచేవారట. మొగుడు పోయాక ఎవరూ పిలవలేదు. "చెయ్యి అదే కదా" అని నాతో ఒకసారి అంది, అరచెయ్యి తిప్పి చూసుకుంటూ. ఆ మాట నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

కాలి పుండుకు మందు కోసం మిషను వైద్యశాలకు వెళ్ళి అక్కడ వాక్యం విన్నది. పుండు మానాక కూడా వెళ్ళింది. చివరికి బాప్తిస్మం తీసుకుంది, ఆమె వెనకాలే నేనూ తీసుకున్నాను. మా పెద్దలు కంబళి పరిచారు. మా ఇద్దరి చేతి నీళ్ళు మా వాళ్ళెవరూ ముట్టకూడదని తీర్పు. ఆ కంబళి మీద కూర్చున్నవాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు. అత్త వండే కుండను గడప బయట పెట్టి తనే కర్రతో పగలగొట్టాడు. ఆమె పెంకులన్నీ ఏరి ఒక పక్కకు పోసి, "పిల్లోళ్ళ కాళ్ళకు గుచ్చుకుంటాయి" అని మాత్రం అని, నన్ను వెంటబెట్టుకుని దిండిగల్ మిషనుకు నడిచింది.

మిషనులో చేరాక మాలాంటి వాళ్ళే చేసే పొరపాటు ఒకటి చేసింది. అక్కడా పొట్లాలు కట్టింది. అమ్మవారి ముందు కాదు, మిషను గుడి మెట్టు మీద పెట్టి, యేసయ్య పేరు చెప్పి. ఎవరో చూసి, ఆ పొట్లాలు తెచ్చి దొరగారికి చెప్పారు. ఆయన పిలిపించి, దేవుడితో చీట్లాట ఆడతావా అని చాలాసేపు మందలించారు. ఆయన ఇంగ్లీషును నేను తెలుగు చేసి చెబుతున్నాను, నా చెవులు ఎర్రబడ్డాయి. ఆమె అంతా విని, "దొరగారిని ఆ పొట్లాలు విప్పి చూడమను" అంది.

ఆయన విప్పారు. రెండింటిలోనూ తెల్ల గన్నేరే. ఆయన నావైపు చూశారు, నేను ఆమె వైపు చూశాను.

"అడిగేదానికి కాదు సామీ" అంది. "చెయ్యవలసింది ఏమో అప్పుడే తెలిసిపోయి ఉండాది. కాలు లేవదు. చేతికి ఈ పని ఇస్తే అప్పురం కాలు లేస్తుంది."

దొరగారికి నవ్వొచ్చిందో కోపమొచ్చిందో నేను పోల్చుకోలేకపోయాను. ఇకమీదట కట్టనని మాట ఇమ్మన్నారు. ఆమె కాసేపు అటూ ఇటూ నడిచింది. "సరి, వేండాం, కట్టను" అంది. ఆ తరవాత ఏళ్ళ తరబడి కట్టలేదు.

మా సంఘంలో నడిపింపు అన్న మాటను ఉప్పులా వాడతాం. మంచి ఎద్దు దొరికితే నడిపింపు, పెళ్ళి కుదిరితే నడిపింపు, పని తప్పించుకుంటే అదీ నడిపింపే. అత్త వింటూ ఉండేది. "దేవుడు మిమ్మల్ని ఎప్పుడు చూసినా నీడ పక్కనే నడిపిస్తాండాడే" అని పెద్దవాళ్ళను కూడా ఆటపట్టించేది. నేను ఏదైనా నిర్ణయించుకోలేక ప్రార్థన చేస్తున్నానంటే, "తెలియక అడిగేది వేరే, చెయ్యకుండా ఉండేదానికి అడిగేది వేరే. నువ్వు ఏది అడుగుతాండావో చూసుకో" అనేది. చాలాసార్లు నాది రెండోదే అయ్యేది, అందుకు ఆమె మీద చిరాకు పడేవాణ్ణి.

మా ఊళ్ళో వాంతిభేది దిగిందని, నాన్న పడిపోయాడని, ఇరుగుపొరుగు పొలాల్లోకి పారిపోయారని తెలిసినప్పుడు ఆమె అన్నం తింటోంది. చెయ్యి కడుక్కుని లేచింది.

"యాడికి?" అన్నాను.

"మీ నాయన దగ్గరికి."

"అత్తా, ఆయన నీ చేతి నీళ్ళు తాగడు. చావనైనా చస్తాడు గాని కంబళి మాట దాటడు."

"తాగకపోతే పక్కన ఉంటాను."

"దేవుడే పొమ్మన్నాడని నీకెట్లా తెలుసు?"

ఆమె కొంగు బిగించుకుంటూ, "నాకు పోవాలని కొంజం కూడా లేదురా" అంది. "కుండ పగలగొట్టిన ఇల్లు అది. నాకు పయంగా కూడా ఉండాది. మరి లోపల పో పో అనేది ఎవరు? నేనైతే కాదు."

నేను బడి ఉందన్నాను, ఇంకొకరిని పంపుదామన్నాను, ఒక రాత్రి ఆగి ప్రార్థన చేద్దామన్నాను. ఆమె నన్ను జాలిగా చూసి వెళ్ళిపోయింది. మిషను వాకిట్లోని గన్నేరు చెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి చెయ్యి చాచడం చూశాను. మొగుడు పోయిన మనిషి పూలు ఎందుకు కోస్తోందా అనుకున్నాను. అదే ఆమెను చివరిసారి చూడడం.

బండివాడు కబురు చెప్పి పోయాక నేను పెరట్లో ఆమె తిరిగిన చోటే తిరిగాను. నాన్న ఒంటిగా ఉన్నాడన్న మాట చెవిలో మోగుతోంది. వెళ్ళాలా వద్దా, ఒక గుర్తు చూపించు ప్రభువా అని అడగడం మొదలుపెట్టాను. అడుగుతూ అడుగుతూ సగంలో ఆగిపోయాను. ఇది ఏ రకం అడగడమో నాకే తెలిసిపోయింది. పిల్లలను ఇళ్ళకు పంపి బయల్దేరాను.

ఊరు సగం ఖాళీగా ఉంది. కపిలలు తిరగడం లేదు, బావుల దగ్గర తోలు బానలు ఎండి ముడుచుకుపోయాయి. పత్తి చేను గట్టున కొత్త మట్టి కనిపిస్తే అదేనని తెలిసింది. అక్కడ నిలబడి నాకు నోటికొచ్చిన ప్రార్థన చదివాను. ఏడ్చాను కూడా. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, ఆమె నాకు అమ్మ.

నాన్న వసారాలో నులకమంచం మీద ఉన్నాడు. ఎముకల మీద తోలు కప్పినట్టు ఉన్నాడు, కళ్ళు మాత్రం పాతవే. తల దగ్గరి చెంబు ఖాళీగా ఉంది. నేను నీళ్ళ కుండ వైపు వెళ్ళబోతే, "ముట్టొద్దు" అన్నాడు.

"అత్త ఇచ్చిందిగా నాయనా."

"పూవు అక్కకు సరి చెప్పింది. నీకు చెప్పలేదు."

ఏం పూవు అని అడిగాను. ఆయన ఆగి ఆగి చెప్పాడు. అక్క వచ్చిందట. గంజి కాచి ఉప్పు వేసి నోటి దగ్గర పెడితే ఆయన పళ్ళు బిగించాడట. అప్పుడు ఆమె కొంగు ముడి విప్పి రెండు పొట్లాలు ఆయన పొట్ట మీద పెట్టింది. తీయి, తెల్లది వస్తే తాగు, ఎర్రది వస్తే నేను అడగను అంది.

"ఏ సామి పేరు చెప్పి అని అడిగినాను. నిన్నూ నన్నూ చేసినోడి పేరు చెప్పి అనింది. తీసినాను. తెల్లది. తాగినాను." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నేను తేరుకున్నాను. అక్కకు పట్టుకుంది. పోయేటప్పుడు కూడా నన్నే చూస్తా ఉండింది, తాగతాండానా లేదా అని."

నాకు అంతా తెలిసిపోయింది. గన్నేరు చెట్టు దగ్గర చాచిన ఆ చెయ్యి కళ్ళ ముందు కదిలింది. దొరగారికి ఇచ్చిన మాట తప్పింది. తమ్ముణ్ణి మోసం చేసింది. బడిలో పిల్లలకు తప్పని నేను నేర్పే పనులు రెండూ చేసి, ఆ మనిషిని బతికించి, ఆమె పోయింది. దేవుడు పొమ్మంటే వెళ్ళింది, అక్కడి వరకు నాకు అనుమానం లేదు. పొట్లాలు కూడా ఆయనే కట్టమన్నాడా? ఆ ప్రశ్నను ఎటు తిప్పినా నాకు జవాబు నిలవడం లేదు. ఒకోసారి ఆమె మీద కోపం వస్తుంది, ఇంత చిక్కు నాకు వదిలి పోయిందే అని.

నాన్న చూరు వైపు వేలు చూపించాడు. తాటాకు సందులో ఎండిపోయిన పొట్లం ఒకటి దోపి ఉంది.

"అది రెండోది. ఎర్రది. అక్క కట్టింది కదా, పారెయ్య మనసు రాలేదు. దించు."

దించాను. ఆయన దారం మీద గోరు పెట్టాడు. "ఉండనీ నాయనా, ఇప్పుడెందుకు" అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో ఆయన తలెత్తి నన్ను చూశాడు.

"లోపల ఏముండాదో నీకు తెలుసునా?"

అబద్ధం ఆడలేను, నిజం చెప్పి ఆమె పరువు తీయలేను. ఆయన దారం తెంపాడు. ఎండిన ఎర్ర గన్నేరు నల్లబడుతుంది, తెల్లది గడ్డి రంగుకు తిరుగుతుంది. అది మా వాళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. మొలలో దాచుకున్న మొదటి పూవును తీసి దాని పక్కన మంచం పట్టె మీద పెట్టాడు. రెండూ ఒకటే రంగు.

చాలాసేపు చూశాడు. కంబళి మీద కూర్చుని తీర్పు చెప్పిన మనిషి, కుండ పగలగొట్టిన చెయ్యి. కేకలు వేస్తాడని, తాగిందంతా కక్కుకోవాలని చూస్తాడని భయపడుతూ నిలబడ్డాను. ఆయన తల దగ్గర తడుముకుని ఖాళీ చెంబు అందుకుని నావైపు చాచాడు.

"నీళ్ళు పొయ్యి" అన్నాడు.

కుండ ఎత్తి పోశాను. చెంబు నిండినా నేను ఆపలేదు. నీళ్ళు చెంబు అంచు దాటి మంచం పట్టె మీదికి ఒలికి, ఆ రెండు పూలూ తడిశాయి.