డ్రైవరు పాట

పాటలు కట్టేవాడికి గుండె ధైర్యం ఎక్కువని చాలామంది అనుకుంటారు. నన్ను చూస్తే ఆ అపోహ పోతుంది. తలుపు ఎవరైనా గట్టిగా కొడితే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. దోహాలో ఉన్న ఆ ఏళ్ళలో అయితే మరీను. తొంభైల మొదట్లో ఒక కాంట్రాక్టు కంపెనీలో టైపిస్టుగా వెళ్ళాను. అల్ దోహా అల్ జదీదా అనే పేటలో, కింద టైలరు షాపు ఉన్న పాత ఇంట్లో, నలుగురం ఒక గది పంచుకున్నాం. నా వీసాలో టైపిస్టు అని ఉంది. గాయకుడు అని ఎక్కడా లేదు. ఆ సంగతి నేను ఒక్క రోజు కూడా మర్చిపోలేదు.

నాకు బ్లూస్ అనే దుఃఖపు పాటలు నేర్పింది మా కంపెనీలో జనరేటర్లు చూసే ఒక అమెరికన్ పెద్దాయన. నల్లజాతి మనిషి, పత్తి చేలున్న ఊరి నుంచి వచ్చినవాడు. మధ్యాహ్నం భోజనాల వేళ వర్క్‌షాపు వెనక నీడలో కూర్చుని గిటారు వాయించేవాడు. గోదావరి పక్కన మా ఊరి ప్రార్థన మందిరంలో నేను గిటారు మీద నేర్చుకున్న నాలుగు కార్డ్‌లు వాయించి చూపిస్తే, ఈ పాటలకి మూడు చాలు, అందులో ఒకటి ఎక్కువే అని నవ్వాడు. ఆ పాటల పద్ధతి చాలా తేలిక. ఒక మాట పాడాలి. అదే మాట మళ్ళీ పాడాలి. ఆ తర్వాత మూడో లైనులో దానికి జవాబు చెప్పాలి. గొంతు ఆగినచోట గిటారు మాట్లాడుతుంది. అదే మాట రెండోసారి ఎందుకని అడిగాను.

"మొదటిసారి చెప్పినప్పుడు ఎవరు విన్నారు గనక?" అన్నాడు.

ఆయన పని ముగించుకుని వెళ్ళిపోతూ గిటారు నాకిచ్చేశాడు. అప్పటికే నేను తెలుగులో సొంతంగా పాటలు కట్టడం మొదలుపెట్టాను. ఎండ మీద, క్యాంపులో నీళ్ళ కోసం నిలబడటం మీద, ఫోనులో పెళ్ళాం గొంతు మధ్యలో తెగిపోవడం మీద. శుక్రవారం గదిలో వాళ్ళంతా బయటికి వెళ్ళాక, ఏసీ చప్పుడు టేపులో పడకుండా దాన్ని ఆపేసి, బట్టల బీరువా తలుపులు తెరిచి, ఆ బట్టల మధ్య తల పెట్టి పాడేవాణ్ణి. చెమట కారి తీగల మీద పడేది. ఒక్కో పాట అయ్యేసరికి స్నానం చేసినవాడిలా ఉండేవాణ్ణి. తర్వాత రెండు డెక్కుల టేప్ రికార్డరు మీద కాపీలు తీసి అడిగినవాళ్ళకి ఇచ్చేవాణ్ణి. కంపెనీ లేదు, అట్ట మీద బొమ్మ లేదు, నా పేరు కూడా రాయలేదు. పేరు రాయకపోవడం వినయం కాదు, భయం. మా గదిలో వాళ్ళు నన్ను ఏడుపు మాస్టారు అని పిలిచేవాళ్ళు.

నా పాటలకి మొదట దొరికిన జనం దోహా దగ్గర ఉమ్ సలాల్‌లో ఒక ఖతరీ పెద్దమనిషి తోటలో పనిచేసే మనవాళ్ళు. శుక్రవారం ఒంటిగంట దాటాక ఖర్జూరపు చెట్ల వెనక ఉన్న రేకుల షెడ్డులో ఏడెనిమిది మంది చేరేవాళ్ళు. కోనసీమ వాళ్ళు ఇద్దరు ముగ్గురు, మిగతావాళ్ళు కడప వైపు వాళ్ళు. నేను మొట్టమొదట అక్కడ పాడిన రోజున ఒక విచిత్రం జరిగింది. మొదటి లైను పాడి, గిటారు మీద జవాబు వాయించి, అదే లైను రెండోసారి ఎత్తుకోబోయేసరికి వాళ్ళంతా కలిసి ఎత్తుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు. ప్రార్థన కూటంలో పుస్తకం లేనివాళ్ళ కోసం సంఘ పెద్ద ఒక లైను చెబితే అందరూ తిరిగి పాడతారు. భజనలోనూ అంతే. ఒకడు పాడి ఆగాడంటే మనవాళ్ళకి ఒకటే అర్థం, ఇప్పుడు మనం పాడాలని. ఒంటరిగా ఏడవడానికి పుట్టిన పాటని పట్టుకుని భజన చేసేశారు. మొదట నాకు ఒళ్ళు మండింది. మూడో లైను వచ్చేసరికి అది ఆపి, వాళ్ళ చేత అదే లైను ఇంకోసారి పాడించుకున్నాను. ఆ రోజు నుంచి రెండోసారి వాళ్ళకే వదిలేసి గిటారు మాత్రం వాయించేవాణ్ణి.

ఆ తోట పెద్దమనిషి ఇంట్లో డ్రైవరు కడప జిల్లావాడు. సన్నగా, చురుగ్గా ఉండేవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. ఇంటాయన్ని వాళ్ళంతా బాబా అనేవాళ్ళు, అతనూ అంతే. బాబా పెళ్ళికి వెళితే పెళ్ళి ఇంటి బయట, ఆసుపత్రికి వెళితే ఆసుపత్రి బయట, ఎండలో బండి దగ్గర కాచుకుని ఉండటమే తన డ్యూటీలో సగం అని చెప్పి నవ్వాడొకసారి. ఆ మాటల్లోంచి నేనొక పాట కట్టాను. దాన్ని షెడ్డులో డ్రైవరు పాట అనేవాళ్ళు.

తాళాలు నా చేతిలోనే ఉన్నాయి, బండి నాది కాదు.
తాళాలు నా చేతిలోనే ఉన్నాయి, బండి నాది కాదు.
ఎటు తిప్పాలో చెప్పే నోరు వెనక సీట్లో ఉంది.

ఒక గురువారం అతను మా గదికి వచ్చాడు. వచ్చినవాడు కూర్చోలేదు.

"అన్నా, ఒగ మాట చెప్తా, తిట్టొద్దు. బాబా నిన్ను పిల్చకరమ్మన్న్యాడు."

"నన్నా? ఎందుకురా?"

"పాట ఇంటాడంట. నా పాటే."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత మెల్లగా విషయం బయటపడింది. బాబా బండిలో లేనప్పుడు ఇతను నేనిచ్చిన ఆ పాట క్యాసెట్ వేసుకునేవాడట. ఒకరోజు తీయడం మర్చిపోయాడు. బాబా ఎక్కి కూర్చోగానే పాట మొదలైంది. ఇతను గాభరాపడి ఆపబోతే ఆయన ఉండనీ అన్నాడు. మర్నాడు ఆయనే అడిగి వేయించుకున్నాడు. అప్పటి నుంచి నెలల తరబడి రోజూ అదే పాట.

"అర్థం అడగలేదా?"

"అడిగినాడు. అమ్మ మీద పాట అని చెప్పినా. ఇంగేం చెప్పాలన్నా?"

దాంతో ఆయనకి పాట మీద ఇంకా ప్రేమ పుట్టిందట. రేపు శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే పెద్ద గదిలో, స్నేహితుల ముందు నాతో పాడించాలని ముచ్చటపడుతున్నాడు. చిక్కు ఏమిటంటే, బాబా ఆఫీసులో వీసాల పనులు చూసే హైదరాబాదీ ఒకాయన శుక్రవారాలు అక్కడే ఉంటాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా ఆయనకి తెలుగు శుభ్రంగా వచ్చు.

"మూడేండ్లాయ నేను ఇంటికి పోయి," అన్నాడు డ్రైవరు. "వచ్చేనెల లీవుకు పంపిస్తా అన్న్యాడు బాబా. ఇప్పుడు గాన కోపమొచ్చిందంటే వీసా క్యాన్సిలే. పోయినోన్ని పోయినట్టే. నాకీ పని పాయ్యిందంటే ఇంగోటి లేదన్నా."

ఆ రాత్రి నేను కళ్ళు మూయలేదు. ఒంట్లో బాగోలేదని చెబుదామా అనుకున్నాను. చెబితే బాబా హైదరాబాదీనే పిలిచి క్యాసెట్ వినిపించి అర్థం అడగొచ్చు. చివరికి మాటలు మార్చాలని తేల్చుకున్నాను. "బండి నాది కాదు" అన్నచోట "అమ్మ నాతో లేదు" అని పెట్టాను. వెనక సీట్లో నోరు బదులు వెనక నుంచి అమ్మ పిలుపు. అచ్చం అతికినట్టు కుదిరింది. అంత సులువుగా కుదిరినందుకు నా మీద నాకే రోత పుట్టింది. అబద్ధం కూడా అదే వరసలో అంత హాయిగా కూర్చుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

మజ్లిస్‌లో గోడల వెంట పరుపులు, దిండ్లు. బాబా అరవై దాటిన మనిషి, మెత్తటి గొంతు, చేతిలో జపమాల. నన్ను తన పక్కనే కూర్చోమన్నాడు. హైదరాబాదీ ఆయన ఎదురుగా కూర్చున్నాడు. గుమ్మం దగ్గర మనవాళ్ళు కావా అనే అరబ్బీ కాఫీ, ఖర్జూరాలు పట్టుకుని నిలబడ్డారు. అందరూ షెడ్డువాళ్ళే. వాళ్ళ మధ్య మా డ్రైవరు, ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నా అరచేతులు తడిసి గిటారు మెడ జారిపోతోంది. కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాను.

"తాళాలు నా చేతిలోనే ఉన్నాయి, అమ్మ నాతో లేదు."

అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత నా వేళ్ళు అలవాటు ప్రకారం గిటారు మీద జవాబు వాయించాయి. నా గొంతు కూడా అలవాటు ప్రకారమే ఆగింది. రెండో లైను నేనే పాడాలన్న సంగతి ఆ కంగారులో నాకు తట్టనే లేదు. గుమ్మం దగ్గర, చేతుల్లో పళ్ళేలు, ఫ్లాస్కులు పట్టుకునే, వాళ్ళు అందుకున్నారు. మజ్లిస్ మొత్తం మోగేట్టు, పాత మాటలతో.

"తాళాలు నా చేతిలోనే ఉన్నాయి, బండి నాది కాదు!"

వాళ్ళకి తప్పు తెలిసొచ్చి ఒక్కొక్కరే తల దించుకున్నారు. హైదరాబాదీ ఆయన చేతిలో కప్పు అలాగే గాలిలో ఆగిపోయింది. ముందు మాట్లాడింది ఆయన కాదు, బాబా. నెలల తరబడి విన్న పాట కదా, అర్థం తెలియకపోయినా ఒక్కో చప్పుడు ఆయనకి కంఠతా వచ్చు. నువ్వు పాడింది వేరు, వాళ్ళు పాడింది వేరు, బండిలో ఉన్నది వాళ్ళు పాడిందే అన్నాడు. వాళ్ళు పాడినట్టు పాడమన్నాడు.

పాడాను. ఇంకేం చేస్తాను? మొదటి నుంచి చివరిదాకా ఉన్నది ఉన్నట్టు పాడాను. గుమ్మం దగ్గర ఈసారి ఎవరూ అందుకోలేదు, రెండోసారి కూడా నేనే పాడుకున్నాను. అయిపోయాక బాబా హైదరాబాదీ వైపు తిరిగాడు. ఆయన నా వైపు వంగి మెల్లగా అడిగాడు.

"ఏం చెప్పాలె నేను? నువ్వే చెప్పు. అమ్మ పాటనే అని చెప్త, ఖతం."

నేను నోరు తెరిచేలోపు గుమ్మం దగ్గర నుంచి డ్రైవరు హైదరాబాదీ ఆయనతో అన్నాడు. "ఉండేది ఉన్నెట్టు చెప్పన్నా. ఆయప్ప అడుగుతాండాడు గదా."

హైదరాబాదీ ఆయన అరబ్బీలో చెప్పాడు. లైను లైనుకీ చెప్పాడు. బాబా జపమాల తిప్పడం ఆగింది. చివరికి డ్రైవరు వైపు చూసి, నిజమేనా అన్నట్టు ఒక్క మాట అడిగాడు.

"ఐవా, బాబా," అని ఒప్పుకున్నాడు డ్రైవరు.

ఆయన తల ఊపాడు. కోపం లేదు, నవ్వు లేదు. నాకు ఇంకో కప్పు కావా పోయమన్నాడు. కాసేపటికి వేరే మాటల్లో పడ్డారు.

ఆ తర్వాతి రోజుల్లో ఆఫీసులో ఫోను మోగితే బాబా ఇంటి నుంచేమో అనుకునేవాణ్ణి. బాబా ఒక్క మాటైనా అనలేదని, ముందులాగే బండి ఎక్కుతున్నాడని, పాట మాత్రం వేయమనడం లేదని డ్రైవరు చెప్పేవాడు. తిట్టినా బాగుండేదనిపించేది మా ఇద్దరికీ. అంతలో ఉన్నట్టుండి లీవు ఇచ్చేశాడు. టిక్కెట్టు, ఇంటికి పట్టుకెళ్ళడానికి రెండు దుప్పట్లు, పిల్లలకి బొమ్మలు. వీసా గడువు అయిపోయింది గనక వెళ్ళిరా, కొత్తది నేను పంపిస్తాను అన్నాడట. డ్రైవరు నన్ను కావలించుకుని, "నీ పాట పున్నెమేన్నా," అన్నాడు. ఆ క్యాసెట్ బండిలోనే వదిలేసి వెళ్ళాడు.

వీసా రాలేదు. రెండు మూడు వారాలకొకసారి అతను కడపలో ఎస్టీడీ బూత్ నుంచి మా ఆఫీసుకి ఫోను చేసేవాడు. బాబా ఏమన్నా అన్న్యాడా అన్నా అని ఒకటే ప్రశ్న. హైదరాబాదీ ఆయన్ని అడిగితే, "వస్తది, వస్తది, బుక్రా," అనేవాడు. అరబ్బీలో బుక్రా అంటే రేపు. అక్కడ ఆ రేపు ఎప్పటికైనా రావచ్చు.

చలికాలం వచ్చింది. ఒకరోజు కంపెనీ పికప్‌లో అల్ అజీజియా వైపు వెళుతూ సిగ్నల్ దగ్గర ఆగాం. పక్కన బాబా బండి. చల్లగాలికి అద్దాలు దించి ఉన్నాయి. లోపల నా గొంతు, నా గిటారు. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. ముందు డ్రైవరు సీట్లో ఎవరో కొత్త కుర్రాడు, మన దేశంవాడు కాదు, ఒక్క ముక్క అర్థం కాక రోడ్డు వైపు చూస్తున్నాడు. వెనక సీట్లో బాబా కళ్ళు మూసుకుని ఉన్నాడు. గిటారు జవాబు అయ్యాక, రెండోసారి లైను వచ్చేసరికి, ఆయన పెదవులు కదిలాయి. బండి నాది కాదు, అని ఆయన పాడుతున్నాడు. పచ్చ లైటు పడింది.

ఆ వారంలోనే ఫోను వచ్చింది. బాబా కనపడ్డాడా అన్నా అని అడిగాడు. కనపడ్డాడని చెప్పాను.

"బండిలో నా పాట ఏసినాడా?"

"వేశాడురా. విన్నాను."

అతని గొంతులో నవ్వు వినిపించింది.

"ఐతే నన్ను మర్సిపోలేదులేన్నా. పిలుస్తాడు."

ముందు సీట్లో కుర్రాడి మాట ఎత్తకుండా, నేను ఊఁ అన్నాను.