‘నేనే రాశాను’ అన్న ఏఐ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కర్ణాటకలోని చింతామణిలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్తాను. ఆ సెమిస్టరులో చుట్టుపక్కల మార్కెట్ల గురించి ఇంటి దగ్గర కన్నడంలో రాసుకురమ్మన్నాను. సాదలి నుంచి బస్సులో వచ్చే ఒక పిల్ల పట్టుగూళ్ల మార్కెట్టు మీద రాసింది. కన్నడం ఎంత చక్కగా ఉందంటే నాకు అనుమానం వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతుల పిల్ల ఇంత గ్రాంథికంగా రాస్తుందా? కాగితం ఫోటో తీసి ఏఐకి పెట్టి, ఇది నువ్వు రాసిందేనా అని అడిగాను. అవునంది. ఇంకేముంది, మరుసటి రోజు క్లాసులో అందరి ముందూ సున్నా వేశాను.

ఆ ఇంటర్నల్ మార్కులు పోతే ఆ పిల్ల సబ్జెక్టు గట్టెక్కడం కష్టం. అయినా ఏడవలేదు. “మీరు రాసింది ఏదన్నా పెట్టి ఇట్లే అడిగి చూడండి సార్” అని కూర్చుంది.

ఆ మాట నన్ను తొలిచేసింది. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో, ఏఐ అనే మాటే వినని రోజుల్లో కాలేజీ వార్షికోత్సవానికి నేను రాసిన కన్నడ ప్రసంగం పెట్టి అడిగాను. నేనే రాశానంది. మా నాన్న కోసం తాలూకా ఆఫీసుకు ఎప్పుడో రాసిన అర్జీ పెట్టాను. అదీ తనదేనంది. మొదట నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. మాదీ తెలుగు మాట్లాడే ఇల్లే. కన్నడం నాకు బళ్లోనే వచ్చింది, అందుకే పుస్తకంలో ఉన్నట్టు రాస్తాను. ఆ పిల్లకూ అంతేనని నాకు తట్టలేదు.

మర్నాడు క్లాసులోనే తప్పు ఒప్పుకున్నాను. నువ్వు రాసింది చెప్పమ్మా అంటే, గూళ్లు ఎట్లా వేలం వేస్తారో, ముసురు పట్టినప్పుడు ధర ఎందుకు పడిపోతుందో కాగితం చూడకుండా చెప్పింది. మార్కులు వేశాను. పద్ధతీ మార్చాను. ఇప్పుడు ఏఐ చేత క్లాసులోనే రాయించి, అందులో తప్పులు పిల్లల చేతే పట్టిస్తాను. ఇంటి దగ్గర రాసుకొచ్చిన దాని మీద మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండు ప్రశ్నలు అడుగుతాను. దొంగల్ని వెతకడం కంటే ఇదే బాగుంది.

అయితే ఆ పిల్ల తర్వాత తెచ్చిన కాగితంలో అన్నీ పొట్టి పొట్టి వాక్యాలు, అక్కడక్కడా తప్పులు.

“ఏమ్మా, నీ కన్నడం యాడికి పోయింది?” అని అడిగాను.

“యాడికీ పోలేదు సార్, ఉండాది. ఇట్ల రాస్తే ఎవురూ అనుమానపడరు గదా” అంది.